12 వేల రూపాయల అనుమానం

సంక్షేమ పథకం ఫలించిందో లేదో తేల్చడాన్ని మూల్యాంకనమనీ, అలా తేల్చిన తీరు నమ్మదగినదేనా అని పరిశీలించడాన్ని మూల్యాంకనపు మూల్యాంకనమనీ అంటారు. ఈ రెండో పని కోసం నమూనా ఎంపిక, ప్రశ్నల వరుస, సర్వే చేసేవారి స్వతంత్రత వంటి ప్రమాణాలను పండితులు ఏళ్ల తరబడి శ్రమించి రూపొందిస్తే, పాలకులు వాటన్నిటినీ ఒక్క ముక్కలోకి కుదించి దేశానికి బోలెడు కాలం ఆదా చేశారు: అంకె పెద్దదైతే సర్వే మంచిది.

స్వచ్ఛభారత్ మిషన్ కింద 2018-19లో జరిగిన జాతీయ వార్షిక గ్రామీణ పారిశుద్ధ్య సర్వే 93.1 శాతం పల్లె కుటుంబాలకు మరుగుదొడ్డి అందుబాటులో ఉందని చెప్పగా, 2018 జూలై-డిసెంబరు నెలల్లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన 76వ విడత సర్వే మాత్రం 71.3 దగ్గరే ఆగిపోయింది. రెండింటి మధ్య కొన్ని నెలల ఎడం ఉన్నమాట, ఆ నెలల్లో నిర్మాణాలు జోరుగా సాగినమాట నిజమే గాని, అంత అంతరాన్ని అదొక్కటే పూడ్చుతుందనుకోవడం కష్టం.

గ్రామీణ భారతం బహిరంగ మలవిసర్జన నుంచి విముక్తమైందని 2019 అక్టోబరు 2న ప్రకటన వెలువడిన మరుసటి నెలలో రెండో నివేదిక బయటికి వచ్చింది. అప్పుడు దాని ప్రశ్నపత్రంలోని లోపం కూడా బయటపడింది. ప్రభుత్వ పథకం ద్వారా లబ్ధి పొందారా అని ముందు అడిగి, మరుగుదొడ్డి ఉందా అని తర్వాత అడగడం వల్ల, ఉందంటే రావలసిన 12,000 రూపాయల ప్రోత్సాహకం రాకుండా పోతుందేమోనన్న భయంతో గృహస్థుడు లేదని చెప్పి ఉండవచ్చునట. ప్రశ్నల వరుసను బట్టి జవాబు వంకర పోతుందన్నది సర్వే శాస్త్రంలో అందరూ ఒప్పుకునే సంగతి కాబట్టి, ఈ సందేహాన్ని కొట్టిపారేయనక్కరలేదు. అయితే మొదటి సర్వేను జరిపించింది పథకాన్ని నడిపిన మంత్రిత్వశాఖే. ప్రపంచబ్యాంకు మంజూరు చేసిన 150 కోట్ల డాలర్ల రుణంలో వాయిదాల విడుదలను ముడిపెట్టింది అలాంటి సర్వేల ఫలితాలతోనే. 12 వేల కోసం పేదవాడు లేదనగలడని గ్రహించిన సూక్ష్మబుద్ధికి, 150 కోట్ల డాలర్ల కోసం శాఖ ఉందనగలదన్న ఊహ తట్టకపోవడం మర్యాదకు పరాకాష్ఠ.

అదే 2019 నవంబరులో, గృహ వినియోగ వ్యయం తగ్గినట్టు 2017-18 సర్వేలో తేలిందని పత్రికల్లో వచ్చిన వెంటనే, సమాచార నాణ్యత బాగాలేదంటూ కేంద్రం ఆ సర్వే ఫలితాల విడుదలనే నిలిపివేసింది.