ఆకుకో పేపరు, సారుకో పాయింటు

గుప్పెడు ఆకులు తెంపండి. ఏ ఆకైనా పర్వాలేదు. వేప, తులసి, మునగ, లేదంటే రాజన్న సిరిసిల్ల జిల్లా ఎల్లంతకుంట చెలకల గట్టున పెరిగే తంగేడు. నీళ్లలో ఉడికించి వడగట్టండి. అందులో సిల్వర్ నైట్రేట్ కలపండి. కాసేపటికి ద్రావణం గోధుమ రంగుకు తిరుగుతుంది. తిరిగిందా? శుభం. వెండి నానో కణాలు పుట్టాయి. వాటితో పాటే ఓ పరిశోధన పత్రం కూడా పుట్టింది. వైద్యరంగానికి ఎంతో మేలని చివర్లో ఒక వాక్యం తగిలించండి. రేపు ఆకు మార్చండి. ఎల్లుండి ఇంకోటి. తెలంగాణలో చెట్లకేం కొదవ?

కెమిస్ట్రీ వాళ్లనే అంటే ఫిజిక్స్ వాళ్లు చిన్నబుచ్చుకుంటారు. వాళ్ల వంటకం పేరు ఫెర్రైట్. నికెల్ కాస్త తగ్గించు, జింక్ కాస్త పెంచు. ఫార్ములాలో ఎక్స్ విలువ 0.2 అయితే ఒక పేపరు, 0.4 అయితే మరొకటి. అది విసుగొస్తే బోరేట్ గాజు ఉండనే ఉంది. అందులో రేర్ ఎర్త్ మూలకం ఒక శాతం వేస్తే ఒక పత్రం, రెండు శాతం వేస్తే ఇంకో పత్రం. ఆవర్తన పట్టిక ఉన్నంతకాలం ఈ శాఖకు కరువు రాదు.

మొట్టమొదట ఆకురసంతో వెండి నానో కణాలు పుట్టించినవాడు నిజంగానే కొత్త సంగతి చెప్పాడు. ఆయనకు దండం. వెయ్యోవాడు ఏం చెప్పాడు? ఎవరికి చెప్పాడు? చదివిందెవరు?

చదవడం ఎందుకండీ! లెక్కపెడితే చాలదా?

ఈ లెక్క ఎక్కడ నడుస్తుందో చూడాలంటే మన వర్సిటీల్లోకి తొంగిచూడాలి. జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం, అదే జేఎన్‌టీయూ, 1972 అక్టోబరు 2న పుట్టింది. దేశంలోనే తొలి సాంకేతిక విశ్వవిద్యాలయమని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది. 2008లో నాలుగు ముక్కలైంది. హైదరాబాద్ ముక్క మనకు మిగిలింది. జగిత్యాల వైపు నాచుపల్లిలో 2007లో కాలేజీ వచ్చింది. 2021లో సిరిసిల్లకూ వచ్చింది. ఎల్లంతకుంట పిల్లగాడు జిల్లా దాటకుండా జేఎన్‌టీయూ విద్యార్థి అయ్యాడు. సంతోషం. మరి అక్కడ కెమిస్ట్రీ, ఫిజిక్స్ గతేమిటి? ఇంజనీరింగ్ కాలేజీలో ఆ రెండింటికీ కలిపి ఒక పేరుంది: హెచ్ అండ్ ఎస్, అంటే హ్యుమానిటీస్ అండ్ సైన్సెస్. ఇంగ్లిషు, లెక్కలతో కలిపి ఒకే గదిలోకి తోసేస్తారు. ఫస్టియర్ అయిపోతే పలకరించే దిక్కుండదు. చెప్పే సారు కాంట్రాక్టు మనిషి. ఆయన కొలువు వచ్చే ఏడాది ఉంటుందో ఊడుతుందో దేవుడికెరుక. పరిశోధన మాత్రం ప్రపంచస్థాయిలో ఉండాలి!

రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల్లో మంజూరైన బోధన పోస్టుల్లో సగానికి పైగా ఖాళీ. ఏళ్ల తరబడి ఖాళీ. భర్తీకి ఉమ్మడి నియామక బోర్డు పెడతామని 2022 సెప్టెంబరులో శాసనసభ బిల్లు పాస్ చేసింది. బిల్లు రాజ్‌భవన్‌కు పోయింది. అక్కడ కూర్చుంది. తర్వాత రాష్ట్రపతి దగ్గరికి పంపామన్నారు. ఆ ప్రయాణంలో ఒక్క కుర్చీ నిండలేదు. కుర్చీలు ఖాళీగా ఉంటే పేపర్లెవరు రాస్తారు? పాపం, పీహెచ్‌డీ స్కాలరు రాస్తాడు. గుప్పెడు పొడి డబ్బాలో పోసుకుని, ఎక్స్‌రే డిఫ్రాక్షన్ తీసే మిషను ఎక్కడుందో వెతుక్కుంటూ తిరుగుతాడు. పరీక్షకు డబ్బు తన జేబులోంచే. పేపరు అచ్చేసే పత్రిక అడిగే ఫీజూ తన జేబులోంచే. పేపరు మీద మొదటి పేరు ఎవరిదో చెప్పాలా?

ఈ సంత తెరిచిందెవరు? దొంగ పత్రికలవాళ్లా? కానే కాదు. సాక్షాత్తు విశ్వవిద్యాలయ నిధుల సంఘం, యూజీసీ. 2009లో నిబంధన పెట్టింది: పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వాలంటే ముందు ఒక పేపరు అచ్చు కావాలి. 2010లో అధ్యాపకులకు పాయింట్ల పట్టిక ఇచ్చింది. పేపరుకిన్ని, సెమినార్‌కిన్ని. ఇక చూస్కో! అచ్చేసే దుకాణాలు పుట్టగొడుగుల్లా లేచాయి. అప్పుడు ఏలినవారికి మెలకువ వచ్చింది. 2017లో ఆమోదిత పత్రికల జాబితా ప్రకటించారు. ఆ జాబితాలో విశ్వవిద్యాలయాలే సిఫారసు చేసిన పత్రికలను కొందరు పరిశోధకులు పట్టి చూశారు. 1,009 చూస్తే 88 శాతానికి పైగా నాసిరకమని తేలింది. అంటే దొంగకు తాళంచెవి ఇచ్చింది మన వర్సిటీలే! 2018 మేలో 4,305 పత్రికలను ఒక్క దెబ్బకు కొట్టేశారు. 2019లో ‘కేర్’ అని కొత్త జాబితా తెచ్చారు. 2022లో పేపరు తప్పనిసరి కాదన్నారు. 2025 ఫిబ్రవరిలో ఆ ‘కేర్’నూ ఎత్తేశారు. మంచి పత్రికేదో ఎవరికి వారే తేల్చుకోవాలట. పదహారేళ్ల సర్కసు చూపించి చివరికి టికెట్టు మన చేతిలోనే పెట్టి పొమ్మన్నారు.

ఈలోగా మన హైదరాబాద్ ప్రపంచ పటం మీద వెలిగింది. బిర్యానీతో కాదు. ఒమిక్స్ అనే ప్రచురణ సంస్థ ఇక్కడిదే. వందల పత్రికలు, ఊరూరా సదస్సులు. సాటి శాస్త్రవేత్తలు పరిశీలించాకే అచ్చేస్తామని అబద్ధం చెప్పిందనీ, ఫీజు సంగతి ముందు చెప్పకుండా దాచిందనీ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు పెట్టింది. 2019 మార్చిలో అక్కడి కోర్టు 5.01 కోట్ల డాలర్లు కట్టమంది. మన లెక్కలో దాదాపు 350 కోట్ల రూపాయలు. అప్పీలుకు పోయినా తీర్పు నిలబడింది. అమెరికావాడు కోర్టుకెక్కితే గానీ మన పక్కవీధి సంగతి మనకు తెలియలేదు. నిజంగా తెలియలేదా?

అంతకు ముందే, 2013లో, సైన్స్ పత్రిక తరఫున ఒక విలేఖరి ఓ తమాషా చేశాడు. రాళ్ల మీద పెరిగే లైకెన్‌ల నుంచి తీసిన రసాయనం క్యాన్సర్ కణాలను అడ్డుకుంటుందని ఓ బూటకపు పత్రం రాశాడు. గ్రాఫు చూస్తేనే తప్పు పట్టుకునేలా కావాలనే రాశాడు. 304 పత్రికలకు పంపాడు. 157 ఒప్పేసుకున్నాయి. ఒప్పుకున్న వాటిలో ముందు వరుస మన దేశానిదే. జై హింద్!

వేములవాడలో కోడె మొక్కు తెలుసు కదా. టికెట్టు తీసుకోవాలి, కోడెను గుడి చుట్టూ తిప్పాలి, తెచ్చి కట్టేయాలి. వెనకాల ఇంకో భక్తుడు సిద్ధం. కోడె అదే. తిప్పేవాళ్లు వేరు. ఎవరి రసీదు వారిది. మన పేపర్లలో గ్రాఫులూ అట్లనే తిరుగుతుంటయి. తేడా ఒక్కటే, అక్కడ మొక్కేవాడికి భక్తి ఉంటది.

ఇది నిన్నటి రోగం కూడా కాదు. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఒక రసాయనశాస్త్ర ఆచార్యుడు నాలుగైదేళ్లలో 70 దాకా పేపర్లు విదేశీ పత్రికల్లో అచ్చేయించుకున్నాడు. వాటిలో కాపీలూ కల్పనలూ ఉన్నాయని 2008లో లోకమంతటికీ తెలిసింది. పట్టుకున్నది దేశం బయటివాళ్లు. నెలకో పేపరుకు పైగా వస్తుంటే పక్కగదిలో ఉన్నవాళ్లకు అనుమానం రాలేదా? రాదు. అనుమానిస్తే ర్యాంకు పోదూ!

అవును, ర్యాంకు. కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ఇంజనీరింగ్ ర్యాంకుల్లో పరిశోధనకు 30 శాతం. అందుకే కాలేజీ గేటు మీద ఫ్లెక్సీలు. ‘మా సారు పేటెంట్ పబ్లిష్ అయింది’ అని దండలు, శాలువాలు. పేటెంటు అడుగుతూ దరఖాస్తు పెడితే 18 నెలలకు దానంతటదే పేటెంట్ ఆఫీసు జర్నల్లో అచ్చవుతుంది. ఫారం 9 పెట్టి ఫీజు కడితే ఇంకా ముందే అవుతుంది. అందులో సరుకుందో లేదో అప్పటికి ఎవడూ చూసి ఉండడు. పెళ్లిచూపులకు పోయి బారసాల భోజనం పెట్టినట్టే!

మళ్లీ ఆ నానో కణాల దగ్గరికి వస్తే, ఇంకో రకం పేపరు ఉంది. జింక్ ఆక్సైడ్ పొడిని మిథిలీన్ బ్లూ రంగు నీళ్లలో కలిపి ఎండలో పెడతారు. రంగు విరుగుతుంది. బాగుంది, అది నిజమైన రసాయనశాస్త్రమే. చివర్లో ఒక వాక్యం ఉంటుంది: బట్టల పరిశ్రమల అద్దకం నీళ్లను శుభ్రం చేయడానికి ఇది పనికొస్తుంది అని. ఏ పరిశ్రమ? ఎక్కడి నీళ్లు? సిరిసిల్లలో వేల సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆడుతున్నయి. అద్దకం తొట్లున్నయి. పక్కన మానేరు నది ఉంది. ఆ తొట్లో నీళ్లు ఒక్క సీసాడు పట్టుకుపోయి ఆ పొడి వేసి చూసినవాళ్లు ఎందరు? సాంచాల మోతలో ముప్పై ఏళ్లు నిలబడ్డ కార్మికుడి చెవికి ఇప్పుడేం వినిపిస్తుందో ఏ ఫిజిక్స్ సారు కొలిచాడు? ఎల్లంతకుంట రైతు బోరు నీళ్లలో ఏముందో తెలుగులో రాసి అతని చేతికిచ్చిన స్కాలరు ఎవరు?

సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండ్‌ల సిరిసిల్ల బస్సులు దొరుకుతయి సారూ. ఎక్కుడే తక్కువ. కాకపోతే ఆ టికెట్టుకు పాయింట్లు రావు, గంతే.