కర్రీ పాయింట్ రైళ్లు

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ బోర్డుల వెనక ఓ అపార్ట్‌మెంట్లో డైనింగ్ టేబుల్ మీద భోజనాలు మానేసి చాలా కాలమైంది. దాని మీద పట్టాలున్నాయి. ఇంటాయన బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. బొమ్మ రైలు అంటే మాత్రం ఊరుకోరు. "బొమ్మ కాదండీ, స్కేల్ మోడల్. అసలు బండిలో 76వ వంతు. పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు" అంటూ వచ్చినవాళ్ల కాఫీ చల్లారేదాకా వదలరు. ఆ లెక్కన పట్టాల మధ్య దాదాపు 19 మిల్లీమీటర్లు రావాలి కదా అని కోచింగ్ కుర్రాడొకడు అడిగాడట. వాణ్ణి మళ్లీ పిలవలేదు.

ఇంజిన్ ఏ కంపెనీదంటే, గొంతు సవరించుకుని "హార్న్‌బీ! ఇంగ్లండు, మార్గేట్!" అంటారు. మార్గేట్ నిజమే. కాకపోతే 1990ల చివరికల్లా అక్కడి తయారీ చైనాకి తరలిపోయింది.

పక్కనే ఉన్న చిక్కడపల్లి వాళ్లకి ఈ వ్యాపారం విడమరిచి చెప్పక్కర్లేదు. చుట్టాలొస్తుంటే కర్రీ పాయింట్ నుంచి గుత్తివంకాయ తెచ్చి, ఇంట్లో గిన్నెలోకి ఒంపి, "వదినా, నీ చేతిలో ఏదో మహత్తుంది" అనిపించుకోవడమే కాంట్రాక్ట్ తయారీ. రైళ్ల కంపెనీల దగ్గర ఇంకో చిక్కుంది: గిన్నె కూడా కర్రీ పాయింట్‌లోనే ఉంటుంది. ఉక్కులో చెక్కించిన అచ్చులకి డబ్బు పెట్టేది కంపెనీ, అవి ఉండేది ఫ్యాక్టరీలో. వందల భాగాలు పోతపోసి, రంగులేసి, వెంట్రుకంత హ్యాండ్‌రెయిళ్లని పట్టకారుతో ఒక్కొక్కటే గుచ్చేది అక్కడి అమ్మాయిలు. డబ్బా మీద వాళ్ల పేరుండదు.

హార్న్‌బీకి ప్రధానంగా వండిపెట్టింది శాండా కాన్ అనే హాంకాంగ్ సంస్థ. 2008-09 ప్రాంతంలో దాన్ని కాదెర్ కొనేసింది. ఈ కాదెర్ ఎవరు? 1987లో బాక్‌మన్‌ని కొన్నవాళ్లే! బాక్‌మన్ హార్న్‌బీకి పక్కా పోటీదారు. ఎదురింటావిడ మన కర్రీ పాయింట్ కొనేసినట్టయింది. సరుకు ఆలస్యమైంది, హార్న్‌బీ వేరే వంటవాళ్లని వెతుక్కుంది. 2018లో అఫా అనే మరో ఫ్యాక్టరీ ఏకంగా షట్టరే దించేసింది. పలు అమెరికన్ బ్రాండ్లు అచ్చుల కోసం పరుగెత్తాయి.

చైనానే ఎందుకు, పక్క ఊళ్లో చేయించుకోవచ్చుగా అంటారా? అదీ అయింది. 1980ల మొదట్లో అమెరికా లయనెల్ రైళ్లు జనరల్ మిల్స్ చేతిలో ఉండేవి. అటుకుల్లాంటి టిఫిన్లు అమ్మే ఆ కంపెనీ తయారీని మెక్సికోలోని తిహువానాకి పంపింది. ఆర్డర్లు నిలిచిపోయాయి, నాణ్యత పడిపోయింది, కొన్నేళ్లకే మిషిగన్‌కి తిరుగుటపా.

"మన డబ్బంతా విదేశాలకే పోస్తున్నారు" అని వాళ్లావిడ సాధించినప్పుడల్లా ఇంటాయన కిటికీలోంచి నారాయణగూడ వైపు చూపిస్తారు. 2020 ఫిబ్రవరి 7న ఆ దారిలో మొదలైన మెట్రో బండి కొరియాలో హ్యుందాయ్ రోటెం చేసిందే. "మెట్రోవాళ్లే బయట చేయించుకున్నారు, నేనెంత?" ఆవిడ దగ్గర దీనికి జవాబుంది. పప్పులో ఉప్పు వెయ్యదు.

డబ్బు సంగతి ఆవిడ అన్నదీ నిజమే. దిగుమతి బొమ్మల మీద సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. కస్టమ్స్ పట్టికలో బొమ్మలూ స్కేల్ మోడళ్లూ ఒకే 9503 పద్దు కింద ఉన్నాయి. ఈయన వాదన అక్కడ చెల్లదు.

మొన్న పార్సిల్ తెచ్చిన కుర్రాడు సంతకం పెట్టించుకుంటూ, "మనవడికా సార్?" అన్నాడు.

లోపల ఆవిడ వింటోంది. "అవును బాబూ" అన్నారాయన.