బోర్డు పెడితే ఆగుతారనుకున్నాను

నిజామాబాద్ వినాయక్‌నగర్‌లో మా గల్లీ మూల మీద "పిల్లలు ఆడుకుంటారు, మెల్లగా వెళ్లండి" అని ఒక బోర్డు ఉంది. చందాలు పోగుచేసి పెట్టించింది నేనే. స్పీడ్ బ్రేకర్ వేయిద్దామని పక్కింటన్న మొత్తుకున్నాడు. నడుములు విరుగుతాయి, చదువుకున్నోళ్లుండే కాలనీకి ఒక మాట చెబితే చాలదా అని వాదించి ఆయన నోరు మూయించాను. అది నా తెలివితక్కువతనం.

కొన్నాళ్లు బండ్లు నెమ్మదించాయి. తర్వాత బోర్డు ఎవరి కంటికీ ఆనలేదు. పిల్లలంతా బడిలో ఉన్న వేళ కూడా ఆడుకుంటున్నారని చెప్పే బోర్డును ఎవరు నమ్ముతారు? డ్యూటీకి ఆలస్యమై ఒక పొద్దున నేనే దాని ముందు నుంచి యాభై స్పీడులో పోయాను. "తమ్మీ, నీ బోర్డు నువ్వే చదవలే" అన్నాడు అన్న. తల ఎత్తలేకపోయాను.

ఇంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది. బోర్డుందన్న ధీమాతో, అప్పటిదాకా వాకిట్లోనే ఆడే పిల్లలను రోడ్డు మీదికి వదిలాం. ఈ ఉత్త ధీమాకు భయపడే అమెరికాలో ట్రాఫిక్ ఇంజినీర్లు ఇలాంటి బోర్డులు వద్దంటారు.

బోధన్ దారిలో పెరిగినవాణ్ణి, రాసి పెట్టిన మాటతో బండి నెమ్మదించదని నాకు తెలిసుండాల్సింది. 2015 డిసెంబరులో మూతపడ్డ నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో, క్రషింగ్ సీజనొస్తే శక్కర్‌నగర్ వైపు చెరుకు బండ్లు బారులు తీరేవి. వాటి వెనక ఎంత తొందరున్నవాడైనా ఎద్దుల నడకకు దిగాల్సిందే. అక్కడ మెల్లగా పొమ్మని ఎవరూ రాసి పెట్టలేదు.

స్పీడ్ బ్రేకరంటే రాత్రికి రాత్రి పోసే సిమెంటు గడ్డ ఒక్కటే నాకు తెలుసు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పే కొలత వేరు: 3.7 మీటర్ల వెడల్పు, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తు, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో సాఫీగా దాటేటట్టు. ఆ కొలతతో వేస్తే నడుము విరగదు. వేగం సగమైతే బ్రేకు వేశాక బండి ఆగడానికి పట్టే దూరం నాలుగో వంతుకు తగ్గుతుంది. బంతి వెనక ఉరికొచ్చిన పిల్లవాడికి ఆ దూరమే ప్రాణం. అట్లాంటి బ్రేకర్‌కు ముందు ఎర్ర అంచు త్రికోణం బోర్డు పెడితే దానికి విలువుంటుంది, ఎందుకంటే అది చెప్పింది నిజంగానే ముందుంటుంది.

అన్నకు క్షమాపణ చెప్పి, కొలత ప్రకారం బ్రేకర్ వేయమని ఇద్దరం కలిసి అర్జీ పెట్టాం. మీ గల్లీలో ఎవరైనా బోర్డుకు చందా అడిగితే, దానికన్నా ముందు ఇలాంటి అర్జీ మీద సంతకాలు చేయించండి.