దురద నాది, మొక్కు నాగప్పకు

కర్ణాటకలోని విదురాశ్వత్థకు రైల్లో వచ్చినా, గౌరిబిదనూరు నుంచి బస్సులో వచ్చినా, గుడికన్నా ముందు మీకు కనబడేది నేనే. పట్టాల పక్కన, ఉత్తర పినాకిని గట్టున, మొక్కజొన్న చేల గెనాల మీద, ఆఖరికి నాగరాళ్ల సందుల్లోనూ నేనే. క్యారెట్ ఆకులా చీలిన ఆకులు, కొమ్మల చివర చిన్న చిన్న తెల్లపూలు. ఆంధ్రావాళ్లు వయ్యారిభామ అంటారు, ఈ పక్కవాళ్లు కాంగ్రెస్ గిడ అంటారు. పుస్తకాల్లో పార్థీనియం.

మా పుట్టిల్లు అమెరికా ఖండంలోని వేడి ప్రాంతాలు. 1955 ప్రాంతంలో పుణె దగ్గర మమ్మల్ని గుర్తించి రాశారు. దిగుమతి గోధుమల్లో కలిసి వచ్చామని చాలామంది అంటారు. అక్కణ్ణించి లారీ చక్రం, రైలు పెట్టె, వాననీరు, ఏది దొరికితే అది ఎక్కి ఊరూరా దిగాం. 1938 ఏప్రిల్ 25న ఇక్కడ స్వాతంత్య్ర పోరాట జెండా పట్టుకున్న జనంపై పోలీసులు కాల్పులు జరిపిన నాటికి ఈ పక్క మా ఊసే లేదు. విదురుడు నాటాడని చెప్పుకునే అశ్వత్థం 2001లో కూలిపోయే నాటికి మాత్రం చుట్టూ మేమే.

చెట్టు పోయినా వేల నాగరాళ్లు ఉన్నాయి. పిల్లలు కలగాలని కొందరు, సర్పదోషం పోవాలని కొందరు ఇక్కడ రాయి నిలబెడతారు. ఒంటిమీద దద్దు, దురద తగ్గకపోతే అదీ నాగప్ప కోపమే అనుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లలో కొందరి దురద నేను పెట్టింది.

ఒక శ్రావణంలో యాభై ఏళ్ల రైతు ఒకాయన అక్కతో వచ్చాడు. కనురెప్పలు ఉబ్బి ఎర్రబడ్డాయి. మెడ చుట్టూ, చెవుల వెనక, మోచేతి మడతల్లో చర్మం నల్లబడి, మందమెక్కి, పగిలి రసి కారుతోంది. చొక్కా కప్పిన వీపు మాత్రం నున్నగా ఉంది.

"ఎప్పుడో చేన్లో పామును కొట్టింటావురా తమ్ముడా," అంది అక్క.

"నేను ఎలుకను గూడా కొట్టలేదక్కా," అన్నాడాయన.

రాయికి పాలు పోశారు, పసుపు పూశారు, చామంతి దండ వేశారు. తర్వాత ఆయన కూర్చోవడానికి చోటు చూసుకుని, అక్కడున్న మా మొక్కలు నాలుగింటిని ఉత్త చేత్తో పీకి పక్కన పారేశాడు. ఆ చేత్తోనే మొహం మీది చెమట తుడుచుకున్నాడు.

నా ఆకుల మీద, కాండం మీద సన్నటి నూగు ఉంటుంది. అందులో పార్థెనిన్ అనే పదార్థం ఉంది. ఏళ్ల తరబడి చేన్లో నన్ను పీకినా చాలామందికి ఏమీ కాదు. కొందరి ఒళ్లు మాత్రం ఒకనాటికి నన్ను శత్రువుగా గుర్తు పెట్టుకుంటుంది. ఆపైన కొంచెం తగిలినా చాలు. అదీ వెంటనే కాదు, ఒకటి రెండు రోజులకు దద్దు లేస్తుంది. అందుకే అనుమానం నా మీదికి రాదు, నిన్న తిన్న వంకాయ మీదికి పోతుంది. తాకనక్కర కూడా లేదు. ఎండిన ఆకు పొడి గాలిలో ఎగిరి రెప్పల మీద, మెడ మీద, మడతల్లో వాలుతుంది. ఈ దద్దు మొదట్లో వానాకాలంలో రేగి చలికాలానికి తగ్గుతుంది, ఏళ్లు గడిస్తే ఏడాది పొడుగునా ఉంటుంది. ఎండా, చెమటా దాన్ని ఇంకా రేపుతాయి. చేన్లో తిరిగే నడివయసు మగవాళ్లలోనే ఎక్కువ.

ఆ రైతును కొడుకు చర్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడికి నేనూ వెళ్లాను, ఆయన వీపుకు అంటించిన పట్టీలో సారంగా. రెండు రోజులకు పట్టీ తీసి, మళ్లీ ఒకటి రెండు రోజులాగి చూస్తే నేనున్న చోట ఎర్రగా పొంగింది. "గజ్జి కాదు, తామర కాదు. ఇది ఎగ్జిమా, ఇంట్లో ఎవరికీ అంటదు," అన్నాడు డాక్టరు.

పూయడానికి స్టెరాయిడ్ లేపనం, ఎన్నాళ్లో లెక్కకట్టి ఇచ్చాడు. స్నానం కాగానే తడి ఆరకముందే తేమ నిలిపే క్రీము రాయమన్నాడు. చేను నుంచి రాగానే ఒళ్లు కడిగి బట్టలు మార్చమన్నాడు. జబ్బు మరీ ముదిరితే అజాథయోప్రిన్ మాత్రలుంటాయి, అవి మాటిమాటికీ రక్తపరీక్షలు చేస్తూ వాడాల్సినవి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే మూడు మందుల కలగూర క్రీము వద్దన్నాడు. నాలుగు రోజులు హాయిగా ఉన్నట్టుంటుంది, తర్వాత చర్మం పలచబడుతుంది, నిజంగా తామరే అయితే ఇంకా పాకుతుంది. చివర్లో, చామంతి కూడా తగ్గించమన్నాడు. చామంతి మా వంశమే. నేను పడనివాళ్లలో కొందరికి అదీ పడదు. ఈ పూలతోటల జిల్లాలో ఆ మాట చాలామందికి మింగుడు పడదు.

ప్రతి ఎగ్జిమా నా నెత్తిన వేయకండి. చంటిపిల్లల బుగ్గల మీద, మోకాలి మడతల్లో వచ్చేది వేరు. పుట్టుకతోనే చర్మానికి తేమ నిలుపుకునే శక్తి తక్కువ, ఆ ఇంట్లో తరచు ఆస్తమా కూడా ఉంటుంది. రోజూ సబ్బు లేని స్నానం, స్నానం కాగానే క్రీము, నూలుబట్ట, దానికి అవసరం.

నాకు శత్రువులు లేకపోలేదు. 1983లో మెక్సికో నుంచి బెంగళూరుకు ఒక పెంకుపురుగును తెచ్చి, మరుసటేడు మా మీదికి వదిలారు. వానల్లో అది మా ఆకులను పీలికలు చేస్తుంది, ఎండాకాలం మట్టిలో దూరి పడుకుంటుంది. ఖాళీ జాగాలో అయితే లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి కొట్టినా మాడిపోతాం.

నాగప్పతో నాకు పేచీ లేదు. మొక్కు తీర్చుకోండి, పాలు పోయండి. దురద మెడ దగ్గర మొదలైతే మాత్రం, పామును కొట్టామా అని వెతుక్కునే ముందు గెనిమ మీద ఏముందో చూడండి. నన్ను పీకాలంటే నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి తొడుగూ ఒంటికి నిండు చొక్కా వేసుకుని, వేరుతో సహా లాగాలి. దురద ఉన్న మనిషి ఆ పనికి దిగనే కూడదు, ఇంకొకరికి అప్పగించాలి. మొలిచిన నెలకల్లా పూస్తాను. పూయకముందు వస్తే పీకేది ఒక్క మొక్కనే, గింజ రాలాక వస్తే వేలల్లో ఉంటాం.