నలభై రెండో దారి

ఇరవై రూపాయలను బిళ్ళలతో ఎన్ని రకాలుగా ఇవ్వొచ్చు? ఒకటి, రెండు, ఐదు, పది, ఇరవై, అన్నీ చేతినిండా ఉన్నాయనుకుంటే 41 రకాలుగా. ఇరవై బిళ్ళ ఒకటి పడేస్తే ఒక దారి. పది బిళ్ళలు రెండిస్తే ఇంకో దారి. ఒకే పది పెట్టి, మిగతా పదిని చిన్నవాటితో పూడిస్తే పది దారులు. అసలు పదిని ముట్టకుండా ఒకట్లు, రెండ్లు, ఐదులతో నెట్టుకొస్తే 29. కాగితం మీద లెక్క ఇక్కడికి అయిపోతుంది. గద్వాల బస్టాండుకొస్తే గణిత శాస్త్రవేత్తలకు తెలియని 42వ దారి ఒకటుంది: ‘చిల్లర లేదన్నా!’

పోనీ ఆ 41లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బజార్లలో నడిచేవెన్ని? పది బిళ్ళ ఉన్నవన్నీ కొట్టేయండి. ఎందుకంటే ‘పది బిల్ల నడ్వదు’. ఎవరన్నారు? అందరూ అన్నారు. గీతలు పదా పదిహేనా, రూపాయి గుర్తుందా లేదా అంటూ జనం బిళ్ళకు జాతకం చూస్తుంటే, పది రూపాయల బిళ్ళల 14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించింది. పాపం, రిజర్వు బ్యాంకుకేం తెలుసు, అది ముంబయిలో ఉంటుంది. బిళ్ళ మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది మన హైదరాబాద్ టంకశాల సరుకే. అయినా కృష్ణ దాటి గద్వాల నడిగడ్డలో అడుగుపెట్టేసరికి దాని నక్షత్రబలం తప్పుతుంది. 2011 నాటి నాణేల చట్టం రూపాయి, ఆపై బిళ్ళలతో వెయ్యి రూపాయల దాకా చెల్లించవచ్చంది. కిరాణా కొట్టు చట్టంలో ఆ సెక్షన్ లేదు.

నాణెం చెల్లుతుందో లేదో తేల్చే పెత్తనం ఈ గడ్డకు కొత్తదేం కాదు. ఒకప్పుడు గద్వాల సంస్థానం సొంత నాణేలు వేసుకుంది. వనపర్తి వారిది సూగూరు సిక్కా. వీటిపైన నిజాం గారి హాలీ సిక్కా. తుంగభద్ర దాటి కర్నూలు పోతే ఇంగ్లీషువారి కల్దారు. వంద కల్దార్లకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు. సంతకు పోయి ఎద్దును కొనేవాడు ముందు ఈ లెక్క తెంపి, ఆ తర్వాతే ఎద్దు పళ్ళు చూడాలి. నడుమ నాణెం మార్చిపెట్టే సాహుకారు తన వట్టం తాను మినహాయించుకునేవాడు.

1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చాయి. అణాకు ఆరుంబావు పైసలు కదా, ఆ పావును ఎవరు మింగాలి? సర్కారు తీర్పు చెప్పింది: అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25. మూడార్లు పద్దెనిమిది అని బడిలో వల్లించిన పిల్లవాడు కొట్టుకెళ్ళి పంతొమ్మిది ఇచ్చుకున్నాడు.

సాహుకారు పోయాడు గానీ వట్టం పోలేదు. కిరాణా కొట్లో అది చాక్లెట్ అవతారమెత్తింది. బస్సులో టికెట్ వెనక పెన్నుతో గీసిన అంకె అయింది. మనం దిగాల్సిన ఊరొస్తుంది, రావాల్సిన నాలుగు రూపాయలు మాత్రం బస్సుతోపాటు ముందుకెళ్తాయి. 2022లో ఆర్టీసీ పల్లెవెలుగు ఛార్జీలను చిల్లర సమస్య పేరు చెప్పి రౌండు చేసింది. జేబులో బిళ్ళలు లేకపోతే టికెట్ ధరనే దిద్దొచ్చని అప్పుడు తెలిసింది. క్యూఆర్ కోడ్‌తో ఆ బాధా తీరిందన్నారు. తీరింది, ‘నెట్ వస్తలేదన్నా’ అనేదాకా. అది 42వ దారికి వేసిన బైపాస్.

సర్కారుకు చిల్లర చేతకాదనుకుంటే మాత్రం పొరపాటు. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి పాలమూరు జిల్లా అనే పెద్దనోటును విడగొట్టి మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల అని నాలుగు బిళ్ళలు మన చేతిలో పెట్టింది. షాద్‌నగర్ వైపు కొంత రంగారెడ్డికి, కొడంగల్ వైపు కొంత వికారాబాద్‌కు పోయింది. అది వట్టం. సరిపోలేదని 2019లో నారాయణపేట బిళ్ళ కూడా తీసింది. అయిదూ కలిపితే పాత పాలమూరు రాదు. చిల్లర తీసుకున్నాక లెక్కపెట్టుకోకపోతే అంతే మరి.

ఇక బస్సులో చిల్లర గొడవకు శాశ్వత పరిష్కారం 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పేరుతో బస్సెక్కింది. గణితంలో సున్నా రూపాయలు చెల్లించడానికి ఒకే ఒక్క దారి: ఏ బిళ్ళా ఇవ్వకపోవడం. ఆడవాళ్ళకు జీరో టికెట్ రాగానే కండక్టరుతో చిల్లర యుద్ధం సగం ముగిసింది. మిగతా సగం మగవాళ్ళ మీద యథావిధిగా నడుస్తోంది. ఆ జీరో టికెట్ల డబ్బు ఆర్టీసీకి సర్కారు కట్టాలి. ఖజానా దగ్గరైనా సరిపడా చిల్లర ఉందా, లేక బాకీ ‘వెనక రాసి’ ఇస్తోందా? ఈసారి మీ ఇంటావిడ బస్సు దిగాక టికెట్ పారేయనివ్వకండి, తిరగేసి చూడండి.