అమ్ముదామని చేయలేదు సార్!

అమెరికాలో ఒక పెద్దమనిషి తన గ్యారేజీలో కూర్చుని సొంతానికి పిస్తోలు చేసుకుంటే కేంద్ర చట్టం పెద్దగా పట్టించుకోదు. పాత నేరాల చిట్టా లాంటి అడ్డంకులేవీ లేకపోతే చాలు. 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ లైసెన్సు అడిగేది వ్యాపారం చేసేవాళ్లని. సొంత వాడకానికైతే లైసెన్సూ అక్కర్లేదు, సీరియల్ నంబరూ అక్కర్లేదు. నంబరు లేని ఈ సరుకుకే ఘోస్ట్ గన్ అని పేరు. మెషిన్ గన్‌కి మాత్రం ఈ ఉదారత లేదు. మెటల్ డిటెక్టర్‌కి చిక్కని తుపాకీ కూడా 1988 నుంచీ నిషిద్ధమే.

చిక్కంతా అమ్మకం దగ్గర.

అమ్మడానికని చేస్తే లైసెన్సు కావాలి. తనకోసం చేసుకుని, కొన్నాళ్లకి మోజు తీరి అమ్మేస్తే అక్కర్లేదు. ఆవకాయ జాడీ ఒకటే. ముక్కలు కోసేటప్పుడు ఇల్లాలి మనసులో చుట్టాలున్నారా, గిరాకీలున్నారా అన్నదే ప్రశ్న. ఒక తుపాకీ అమ్మితే మోజు తీరిందనే అనుకుంటారు. నెలనెలా మోజు తీరుతుంటే తుపాకుల వ్యవహారం చూసే కేంద్ర సంస్థ ఏటీఎఫ్ అధికారులు తలుపు తడతారు.

కొనేవాడి సంగతీ చూడాలి. పక్క రాష్ట్రం మనిషికి నేరుగా అమ్మకూడదు. నేరస్థుడని తెలిసినా, అనుమానించడానికి కారణమున్నా అమ్మకూడదు. హెచ్-1బీ మీదో, ఎఫ్-1 మీదో ఉన్న మన పిల్లలకీ అమ్మకూడదు. వాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే నేరం. కాకపోతే రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్సు ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది. కోడింగ్ చేయడానికి వెళ్లినవాడు కాస్త జింకల్నీ కొడతానంటే చట్టానికి నమ్మకం కుదురుతుందన్నమాట. ఇక కాలిఫోర్నియాలో ఇంటి తుపాకీకి నంబరు వేయించుకోవాలి, వేయించుకున్నాకా అమ్మకూడదు. తినకూడని పండుకి తూకం వేసినట్టు కదా అని అడిగే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు.

అదే కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో ఒక వర్క్‌షాపు యజమాని తయారీకి కొత్త భాష్యం చెప్పాడు. యంత్రం ఆయనది, పని యంత్రానిది. కొనడానికొచ్చినవాడు బటన్ నొక్కుతాడు. నొక్కినవాడే తయారీదారు, ఆయన ఊరికే పక్కన నిలబడ్డాడు! ఇలాంటి వేషాలు చెల్లవని ఏటీఎఫ్ 2015లో రూలింగ్ ఇచ్చింది. ప్రభుత్వం ఆయన మీద కేసు కూడా పెట్టింది. తీరా 2019లో జడ్జి నిబంధనల పుస్తకం తెరిచి చూస్తే, రిసీవర్ (చట్టం తుపాకీగా లెక్కించే ముఖ్యభాగం) అంటే ఏయే భాగాలుండాలని అందులో రాశారో అవన్నీ అక్కడ తయారైన ఏఆర్-15 రైఫిల్ కింది రిసీవర్‌లో లేవు. కొన్ని పై ముక్కలోకి పోయాయి. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ పేరున్న రైఫిల్‌కి చట్టం కొలత సరిపోలేదు. ఆ మాట అధికారికంగా తీర్పులోకి ఎక్కకముందే ప్రభుత్వం నిందితుడితో రాజీకి వచ్చింది.

కొలతలు సరిచేస్తూ 2022లో కొత్త నిబంధన తెచ్చారు. సులువుగా బిగించుకునే కిట్ కూడా తుపాకీయేనన్నారు. కిట్లు అమ్మేవాళ్లు కోర్టుకెళ్లారు: మేం అమ్మేది ముక్కలే, తుపాకీ ఎక్కడుంది? 2025 మార్చిలో సుప్రీంకోర్టు 7-2తో ఆ నిబంధనని నిలబెట్టింది. తీర్పు రాసిన జస్టిస్ గోర్సచ్, ఐకియాలో కొన్న బల్లని బిగించకముందే బల్ల అంటాం కదా అన్నారు. ఒక కిట్‌ని ఎన్నడూ ముట్టుకోని మనిషి చేతికిస్తే 21 నిమిషాల్లో పేలే పిస్తోలు తయారైందట. ఐకియా బీరువాతో ఆదివారమంతా కుస్తీ పట్టినవాళ్లు ఈ లెక్క చూసి ఈర్ష్యపడాలి.

ఇన్ని ఆంక్షల మధ్య ఇంటి తుపాకీకి ధైర్యంగా వెల చెల్లించిన గిరాకీ ఒకటుంది: సాక్షాత్తూ ప్రభుత్వం. వీధుల్లో తుపాకులు తగ్గించడానికి నగరాలూ రాష్ట్రాలూ వాటిని కొనుక్కునే బైబ్యాక్ శిబిరాలు పెడతాయి. 2022 వేసవిలో హ్యూస్టన్ శిబిరానికి ఒకాయన 3డీ ప్రింటర్‌తో చేసిన తుపాకులు 62 మోసుకొచ్చాడు. ఒక్కోదానికి 50 డాలర్లు పుచ్చుకున్నాడు. ప్లాస్టిక్ ఖర్చు తుపాకీకి నాలుగైదు డాలర్లు కూడా దాటలేదు. తర్వాతి నెల న్యూయార్క్ రాష్ట్రం యూటికాలో ఇంకొకాయన దాన్ని మించిపోయి, 21,000 డాలర్ల విలువైన గిఫ్ట్ కార్డులతో ఇంటికెళ్లాడు. క్రిస్మస్‌కి వచ్చిన 200 డాలర్ల ప్రింటరే తన పెట్టుబడి అని టీవీవాళ్లకి చెప్పాడు.

అమ్మడానికే చేశావా అని అతన్ని ఎవరూ అడగలేదు. అడగడానికి వీల్లేదు. ప్రశ్నలుండవు, వచ్చి ఇచ్చి వెళ్లండి అన్నదే బైబ్యాక్ శిబిరాల షరతు. ఆ తర్వాత రెండు చోట్లా నిబంధనలు మార్చారు.