మేస్త్రీగారు సీఈఓ అయ్యారు

ఆ ఫ్లెక్సీ గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? నెల్లూరు నుంచి ముత్తుకూరు పోయే దారిలో సిమెంటు కొట్ల ముందూ, మైపాడు రోడ్డులో స్టీలు షాపుల గోడల మీదా ఆ కోటు కుర్రాడు నవ్వుతూనే ఉన్నాడు. కాంట్రాక్టర్లకూ మేస్త్రీలకూ కరెంటు పనివాళ్లకూ ప్లంబర్లకూ ప్రత్యేక బిజినెస్ కోచింగట. మూడు రోజుల్లో మేస్త్రీ సీఈఓ అయిపోతాడట. స్లాబు పోశాక కింద సరుగుడు కర్రలు తీయడానికే కనీసం వారం ఆగాలి. మనిషిని మార్చడానికి మాత్రం శుక్ర, శని, ఆదివారాలు సరిపోతాయి. అందులోనూ శనివారం బట్వాడా రోజు. కూలీలు డబ్బుల కోసం సైటు దగ్గర గోడ మీద కూర్చుని ఉంటే, మేస్త్రీగారు ఏసీ కల్యాణమండపంలో కళ్లు మూసుకుని రాబోయే కోట్ల టర్నోవరును దర్శించుకుంటూ ఉంటారు.

మా ఇంటి మేస్త్రీ కూడా వెళ్లొచ్చాడు. నా మంటంతా అందుకే, దాచుకోవడం దేనికి? ఇదివరకు "మేస్త్రీ, మెట్ల దగ్గర కొలత తేడా వచ్చిందే" అంటే, "అట్టనా సామీ, పొద్దన్నే వచ్చి చూస్తా" అనేవాడు. వచ్చేవాడు కూడా. ఇప్పుడు "సార్, ఆ ఫీడ్‌బ్యాక్ మా సిస్టంలో పెట్టండి" అంటున్నాడు. సిస్టం అంటే వాట్సాప్ గ్రూపు. అందులో ఉండేది నేనూ, ఆయనా, ఆయన బావమరిదీ. బావమరిది ఆపరేషన్స్ హెడ్. నేను ఫొటో పెడతాను, ఆయన దాని కింద బొటనవేలు పెడతాడు. మెట్టు అట్లాగే ఉంది.

దీనంతటికీ మూలం ఆ ఒక్క పాఠం. మీరు లేకుండా మీ వ్యాపారం నడవాలట. వ్యాపారం లోపల కాదు, వ్యాపారం మీద పనిచెయ్యాలట. ఇది కోటు కుర్రాడి సొంత సరుకేమీ కాదు. 1986లో అమెరికాలో మైకేల్ గెర్బర్ 'ఈ-మిత్' అని ఒక పుస్తకం రాశాడు. పని తెలిసినంత మాత్రాన వ్యాపారం తెలిసినట్టు కాదు, యజమాని పక్కన లేకపోయినా నడిచేట్టు పద్ధతులు పెట్టుకోవాలన్నాడు. ఆయన చూపించిన ఆదర్శం మెక్‌డొనాల్డ్స్. బర్గర్ కొట్టుకి బాగానే ఉంది. ఏ ఊళ్లో కాల్చినా రొట్టె రొట్టే. పునాది అట్లా కాదే! మైపాడు వైపు గుంత తీస్తే ఇసుకలోంచి నీళ్లూరుతాయి. వరిపొలం పూడ్చి వేసిన ప్లాటులో బంకమన్ను వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. ఏ గుంతకి ఆ గుంతే, దిగి చూడాల్సిందే.

ఇక మా ఉప్పు గాలి సంగతి. తీర వాతావరణానికి గురయ్యే కాంక్రీటును భారత ప్రమాణం ఐఎస్ 456 (2000) 'తీవ్రం' అనే తరగతిలో పెట్టింది. ఎం-30కి తగ్గని కాంక్రీటు కావాలంటుంది. కడ్డీ మీద 45 మిల్లీమీటర్ల కవరింగ్ ఉండాలంటుంది. కలిపే నీళ్లలో క్లోరైడ్లు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది. ఇస్కపల్లిలో ఉప్పు పండించే నేల మాది. బోరు నీళ్లు నాలిక మీద వేసుకుంటే చాలు, ల్యాబు రిపోర్టు అక్కర్లేదు. మరి ఆ 45 మిల్లీమీటర్లను కాపాడేదెవరు? స్లాబు రోజున తట్టలు మోసేవాళ్లు కడ్డీల మీద తొక్కుకుంటూ నడుస్తారు, కింద కవర్ బ్లాకులు పక్కకి జరిగిపోతాయి. "ఒరే, ఆడ బ్లాకు జరిగింది, ముందు దాన్ని సర్దరా" అని అరిచే గొంతు ఒకటి ఉండాలి. ఆ గొంతును ఇంటికి పంపించేసి గోడకి చెక్‌లిస్టు తగిలించమంటాడు కోచ్. చెక్‌లిస్టు అరవదు. పదేళ్లకి కడ్డీ తుప్పు పట్టి ఉబ్బి, సన్‌షేడు పెచ్చులు ఇంటాయన నెత్తిన రాలినప్పుడు ఆపరేషన్స్ హెడ్ మళ్లీ బొటనవేలు పెడతాడు కాబోలు.

కోచ్ చూపించే బొమ్మలో సీఈఓ సముద్రపొడ్డున ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంటాడు. మనకి సముద్రం కొరత లేదు, కోడూరు బీచికి పోయి ఎంతసేపైనా కూర్చోవచ్చు. కానీ ఆయన అక్కడ కూర్చున్నంతసేపూ ఇక్కడ పనీ కూర్చునే ఉంటుంది. (1993లో 'ముఠామేస్త్రి' తీసిన కోదండరామిరెడ్డిది మైపాడే. అందులో మేస్త్రీ మంత్రి అయ్యి కూడా పదవి వదిలేసి మార్కెట్టుకే తిరిగొస్తాడు. కోచింగ్ తీసుకోలేదు కదా, పాపం.)

మిగతా పాఠాలు సరే. విజిటింగ్ కార్డు మీద 'ఫౌండర్' అని వేయించుకోవడం. తెల్లారుజామున అయిదింటికి లేవడం. మేస్త్రీకి అయిదింటికి లేవడం నేర్పేవాడు తను ఎన్నింటికి లేస్తాడో!

ఒక్క మాట దగ్గర మాత్రం నాకు నవ్వు రావడం లేదు. "మీరు ఎదగకపోవడానికి కారణం మీ మైండ్‌సెట్."

2019లో కొత్త ప్రభుత్వం పాత ఇసుక విధానాన్ని పక్కనపెట్టింది. కొత్తది సెప్టెంబరు 5న వచ్చింది, ఇసుక మాత్రం నవంబరు దాకా సరిగా రాలేదు. పనుల్లేక అడ్డాల మీద జనం పొద్దుటి నుంచి నిలబడి ఇళ్లకి తిరిగిపోయారు. నిర్మాణ కార్మికుల ఆత్మహత్యల వార్తలు చదివాం. నవంబరు 3న పవన్ కల్యాణ్ విశాఖలో లాంగ్ మార్చ్ చేశారు, 14న చంద్రబాబు విజయవాడలో దీక్షకి కూర్చున్నారు. ఏ మైండ్‌సెట్ పెట్టుకుని ఉంటే ఒక ట్రాక్టరు ఇసుక దిగేదో చెప్పు నాయనా? పాత ప్రభుత్వంలో నీరు-చెట్టు పథకం పనులు చేసినవాళ్లు ప్రభుత్వం మారాక బిల్లుల కోసం ఏళ్ల తరబడి తిరిగారు, హైకోర్టు మెట్లెక్కారు. ఇంట్లో గొలుసు కుదువ పెట్టి జేసీబీకి డీజిల్ కొట్టించినవాడు, ప్రభుత్వ బిల్లుల పోర్టల్ సీఎఫ్ఎంఎస్‌లో తన బిల్లు ఎక్కడ ఆగిందో చూసుకుంటూ కూర్చుంటే, "నీకు డబ్బు మీద ప్రేమ లేదు, అందుకే అది నీ దగ్గరికి రావట్లేదు" అనడానికి నోరెట్లా వస్తుంది? బాకీపడ్డవాణ్ణి ఒక్క మాట అనకుండా, రావాల్సినవాడి బుర్రలో లోపం వెతికి, ఆ వెతికినందుకు వాడి దగ్గరే ఫీజు తీసుకోవడం సిగ్గుమాలిన పని. ఇంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

నేర్పాల్సినవి లేక కాదు. ఇంటాయనతో నోటిమాట మానేసి కాగితం రాసుకోవడం, బిల్లులో కోసిన టీడీఎస్‌ను రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవడం. ఆడిటరు దగ్గరి గుమస్తా గంటలో చెబుతాడు. నిర్మాణ ఖర్చు మీద 1 శాతం సెస్సు కార్మికుల సంక్షేమ బోర్డుకి పోతుంది కదా, నీ కూలీల్లో ఎంతమందికి ఆ బోర్డు కార్డు ఉంది అని మూడు రోజుల్లో ఒక్కసారైనా అడిగారేమో మా మేస్త్రీని కనుక్కున్నాను. బోర్డు అంటే ఫ్లెక్సీ బోర్డా అన్నాడు.

ప్రభుత్వ పని చేయాలంటే కాంట్రాక్టరుకి రిజిస్ట్రేషను కావాలి, క్లాసు కావాలి, సాల్వెన్సీ కావాలి, చేసిన పనుల సర్టిఫికెట్లు కావాలి. కోచ్‌కి కోటు ఉంటే చాలు. ఫీజు ముందే, మొత్తంగా, జీఎస్టీ అదనం, వాపసు లేదు.

ఆ ఫీజు మన పద్ధతిలో కడదాం, ఒప్పుకుంటాడేమో అడగండి. అడ్వాన్సు పదో వంతు. బేస్‌మెంటుకి కొంత, లింటెల్‌కి కొంత, స్లాబుకి కొంత. చివరి బిల్లుకి గృహప్రవేశం హడావిడిలో ఉన్నాం, దసరా పోనీమందాం. దసరా పోయాక సంక్రాంతి. పగుళ్లొస్తాయేమోనని కొంత సొమ్ము రెండేళ్లు పట్టిపెడదాం. ఈ షరతుల మీద వచ్చే కోచ్ ఎవరైనా ఉంటే కల్యాణమండపం అద్దె నేను కడతా. అదీ ప్రోగ్రాం అయ్యాకే.